రాళ్లకు కావలి

పొలానికి కావలి ఉంటుంది, తోటకు కావలి ఉంటుంది. రాళ్లకు కావలి కాసేవాడిని బోరెగూడ జనం మొదటిసారి చూశారు, చూసి కడుపుబ్బ నవ్వుకున్నారు. పులిమడుగు వాగు ఒడ్డున ఒక రేకుల షెడ్డు. అందులో వరుసగా చెక్కపెట్టెలు, పెట్టెల్లో నల్లటి రాతికడ్డీలు. వాటి ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని హనుమండ్లు. "ఏం హనుమండ్లు, రాళ్లకు గిన కాళ్లొచ్చినయా?" అని అడగకుండా ఆ దారిన ఒక్కడూ పోయేవాడు కాదు.

ఆ నవ్వు వెనక ఇంకో నవ్వు ఉందని హనుమండ్లుకు తెలుసు. షార్జాలో గోదాముకు కావలి ఉన్నవాడు, సరుకు తక్కువ పడిందని నెత్తిన నింద వేసి సేఠు విమానం ఎక్కించినవాడు, ఊరికొచ్చి మళ్లీ కావలికే కుదిరాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుందని కల్లు మండువా దగ్గర ఎవరో అన్నారు. ఆ మాట చేరాల్సిన చెవికి చేరింది. అలాంటి మాటలకు దారి ఎవరూ చూపక్కర్లేదు. గోదాములో సరుకు ఎవరు తీశారో హనుమండ్లుకు ఈనాటికీ తెలియదు. తను తియ్యలేదని మాత్రం తెలుసు. తెలిసి ఏం లాభం? ఎదుటివాడు అడిగితే కదా చెప్పుకునేది. ఊళ్లో ఎవరూ అడగలేదు, అనుకున్నారు అంతే.

అనుకోనిది ఒక్క అక్క కొమురవ్వ. వాగు వెంట దిగువకు పోతే ఆమె మెట్టినూరు. ఇల్లు వాగు గట్టు మీదే. తమ్ముడు తిరిగొచ్చిన రోజు కోడిని కోసి, జొన్నరొట్టెలు చేసి, ముందు కూచోబెట్టుకుని తినిపించింది. అక్కడేం జరిగిందని ఒక్క ముక్క అడగలేదు. "నా తమ్ముడు ఒకరి సొమ్ము ముట్టేటోడు కాదు" అని ఇరుగుపొరుగు వినేలా అంది, అంతే. ఊరంతా ఒక పక్క, అక్క ఒక పక్క. హనుమండ్లు తలెత్తుకుని తిరిగాడంటే ఆ రెండో పక్కను చూసుకునే.

ఇంతకీ ఈ రాళ్ల సంగతి చెప్పాలి. రెండు గుట్టల నడుమ వాగు ఇరుకుగా పారే చోట ఆనకట్ట కడదామని సర్కారు అనుకుంటోంది. కట్టేముందు అడుగున ఏముందో తెలియాలి. అందుకని బోరు మిషన్ తెచ్చి నేలను తొలిచారు. బాయి బోరులా పిండి చేసి పడెయ్యదు ఈ మిషన్. లోపలి రాయిని గుండ్రటి కడ్డీగా కోసి, ఉన్నదున్నట్టు పైకి తెస్తుంది. పైకొచ్చిన వరుసలోనే పెట్టెలో పేర్చి, ఎంత లోతు నుంచి వచ్చిందో రంగుతో రాసి పెడతారు. ఆ పెట్టెలు చూసి ఇక్కడ కట్టొచ్చు, కట్టకూడదు అని చెప్పే ఆఫీసరు హెప్సిబా. బెల్లంపల్లి పిల్ల. తండ్రి బొగ్గుబాయిలో దిగి, ఆదివారం చర్చిలో పాట పాడి, కూతుర్ని చదివించాడు. ఆమె రాయిని చేతిలోకి తీసుకుంటే వైద్యుడు నాడి పట్టుకున్నట్టే ఉంటుంది.

వచ్చిన మొదటిరోజే ఆమె హనుమండ్లును పిలిచి, పదిమంది వింటుండగా ఒక మాట అంది. "హనుమండ్లన్నా, గీ పెట్టెలల్ల ఒక్క ముక్క పోవద్దు. తక్కువ పడితే పూచీ నీదే. ఎర్కేనా?"

ఆమె ఎక్కడికి వెళ్లినా కావలివాడికి చెప్పే మాటే అది. ఈయన గతం ఆమెకేం తెలుసు. కానీ తక్కువ అనే మాట వినగానే హనుమండ్లుకు ముఖం వేడెక్కింది. వెనక నిలబడ్డవాళ్లలో ఎవరో దగ్గారు. మామూలు దగ్గే కావచ్చు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టని సామెత ఉండనే ఉంది. దొంగ కానివాడు కూడా తడుముకుంటాడని సామెత చేసినవాళ్లకు తట్టలేదు.

ఆనాటి నుంచి హనుమండ్లు పెట్టెలను కన్నబిడ్డల్లా చూసుకున్నాడు. ఆ కడ్డీలు నున్నగా, చేతికి ఇంపుగా ఉంటాయి. పచ్చడి నూరే పొత్రానికి అచ్చంగా సరిపోతాయని నీళ్లకొచ్చిన ఆడవాళ్లు అడిగేవాళ్లు. "ఒక్కటియ్యరాదు బావా, ఏం అరిగిపోతది?" అనేవాళ్లు. మరదలి వరసైనవాళ్లకు కూడా ఇవ్వలేదు. షెడ్డు వెనక పారేసిన రాళ్ల కుప్ప ఒకటి ఉంది. మిషన్ సరిగ్గా నడుస్తోందా లేదా చూసుకోవడానికి ముందు ఒకచోట తొలిచి తీసినవి, లెక్కలో లేనివి. అవి తీసుకొమ్మని చూపేవాడు. లెక్కలో ఉన్నవాటి జోలికి చీమను కూడా రానివ్వలేదు.

ఒకనాటి మధ్యాహ్నం మిషన్ పేచీ పెట్టింది. మిషన్ నడవాలంటే పైపులోకి నీళ్లు పోస్తూనే ఉండాలి. పోసిన నీళ్లు లోపల తిరిగి బూడిదరంగులో పైకొస్తాయి. ఆనాడు ఎర్రగా, పారాణి నీళ్లలా వచ్చాయి. కాసేపటికి అసలు రావడమే మానేశాయి. ఎన్ని పోసినా నేల తాగేస్తోంది. మిషన్ నడిపే రంజిత్ "తోడు కాకా, జర జల్ది తోడు" అని అరుస్తుంటే హనుమండ్లు వాగు నుంచి నీళ్లు మోసి మోసి డ్రమ్ము నింపాడు. నడుము పడిపోయింది. ఆ పనిలో ఉండి రంజిత్ ఏం తీశాడో, పెట్టెలో ఎలా పేర్చాడో చూడలేదు. పొద్దువాలకముందే రంజిత్‌కు ఇంటి నుంచి ఫోను వచ్చింది, పిల్లకు జరమని. ఉన్నవాడు ఉన్నట్టే బండెక్కి నిర్మల్ పోయాడు. హనుమండ్లు కూడా ఇంటికి పోయి, నాలుగు ముద్దలు తిని తిరిగొచ్చాడు.

వచ్చి ఎప్పటిలాగే పెట్టెలన్నీ ఒకసారి తడుముకుంటూ చూశాడు. కొత్త పెట్టె నడిమి వరుసలో జాగా ఖాళీగా ఉంది. మూరెడు పొడవు. అటు రాయి, ఇటు రాయి, మధ్యలో ఒట్టి చెక్క.

ఎవరు తీశారు? ఎప్పుడు తీశారు? అన్నానికి పోయిన కాస్తంత సేపట్లోనే. పొత్రానికని అడిగిన మరదళ్లందరూ కళ్లముందు మెదిలారు. ఇద్దరిళ్లలో అడుగుదామని గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. ఏమని అడుగుతాడు? రాయి పోయిందంటే, ఈసారి రాళ్లు కూడా అమ్ముకున్నాడురా అంటారు. రంజిత్‌కు ఫోన్ చేసి అడిగితే అయిపోయేది. ఆ ఒక్క ఫోను చేసి ఉంటే ఈ కథే లేదు. కానీ సరుకు తక్కువ పడిందని ముందుగా చెప్పినవాడినే పట్టుకుంటారని షార్జాలో నేర్చుకున్నాడు. అక్కడ తక్కువ పడిన సంగతి సేఠుకు చెప్పింది తనే మరి. పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే.

షెడ్డు వెనక కుప్ప దగ్గరికి పోయాడు. అదీ నల్లరాయే, అదే లావు. కుదిరినవి ఏరాడు, కుదరనిది సుత్తితో విరిచాడు. సందులో పేర్చి, తడిగుడ్డతో తుడిచాడు. పక్కన ఉన్నవాటికీ వీటికీ తేడా ఇదీ అని చెప్పడం కన్నతల్లి తరం కూడా కాదు. పెట్టె నిండింది. హనుమండ్లు కుర్చీలో కూలబడి, చాలాకాలానికి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

మర్నాడు రంజిత్ వచ్చాడు. పిల్ల జ్వరంతో నిద్ర లేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పెట్టె ముందు కాసేపు నిలబడి బుర్ర గోక్కున్నాడు. హనుమండ్లు వాగువైపు చూస్తూ కూచున్నాడు. పెట్టె నిండుగా ఉంటే మిషన్ నడిపేవాడికి మంచి పేరు, ఖాళీగా ఉంటే ఏం తొలిచావురా అని తిట్లు. రంజిత్ బుర్ర గోక్కోవడం మానేసి, నిండుగా వచ్చిందనే రాసుకున్నాడు. హెప్సిబా కరీంనగర్‌లో మీటింగు ముగించుకుని వచ్చేసరికి పెట్టెలు గుట్టపడి ఉన్నాయి. ఒక్కొక్కటే చూసింది, సుత్తితో తట్టింది. ఖణేల్‌మంది రాయి. మంచి రాయి కాక ఇంకేమిటి మరి.

ఆ మంచి రాయి కబురు ఊళ్లోకి పాకింది. కట్ట ఇక్కడే, చెరువులా నిండే నీళ్లు మనవే, ఇక మొగులు చూసి విత్తు వెయ్యక్కర్లేదు. పెట్టెలను కరీంనగర్ తరలించే రోజున సర్పంచు మల్లేష్ పదిమందిని వెంటేసుకుని షెడ్డు దగ్గరికి వచ్చాడు. కొబ్బరికాయ తెచ్చాడు, మేడంకు కప్పడానికి శాలువా తెచ్చాడు. నలుగురు కూడిన సంగతి విని కొమురవ్వ కూడా దిగువ నుంచి వచ్చింది. తమ్ముడి కోసం సద్దిలో పుంటికూర పప్పు కట్టుకొచ్చింది.

శాలువా కప్పబోతే హెప్సిబా నవ్వి చెయ్యి అడ్డం పెట్టింది. "నాకెందుకు సర్పంచ్ సాబ్. కప్పితే గీ అన్నకు కప్పుండ్రి. నేను శానా సైట్లు తిరిగిన. ఏడికి పోయినా పెట్టెలల్ల రాళ్లు మాయమైతయి. గీడ ఒక్క ముక్క పోలే."

మల్లేష్ ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత తనే ముందుకొచ్చి హనుమండ్లు భుజాల మీద శాలువా కప్పాడు. చప్పట్లు కొట్టారు. కల్లు మండువా దగ్గర నోరు జారినవాడు కూడా కొట్టాడు. "మన హనుమండ్లు అంటే ఏమనుకున్నరు మేడం, చెయ్యి శుద్ధం" అన్నాడు మల్లేష్. నోరు అదే, మాట మారింది. కొమురవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. హనుమండ్లుకు పాదాల కింద నేల ఆనలేదు. షార్జా నుంచి దిగిన రోజు నుంచి ఈ ఒక్క మాట కోసమే కదా ఆయన బతికింది.

ఆ సంబరం అక్కడితో ముగిసేదే. కానీ కొమురవ్వకు ఒక అనుమానం మిగిలింది. "బిడ్డా, గీ రాళ్లను జూసి కట్ట ఆగుతదో ఆగదో ఎట్ల ఎరుకైతది? మా ఇల్లు వాగు మీదనే కదా, అందుకని అడుగుతున్న."

హెప్సిబాకు ఆ ప్రశ్న నచ్చింది. కొత్త పెట్టెను ముందుకు లాగి, దాని పక్కన గొంతుకూచుంది. "చూడవ్వా, గీ గుట్టలల్ల నల్లరాయి పొరలు పొరలుగ ఉంటది. ఒక్కోకాడ రెండు పొరల నడుమ ఎర్రమట్టి ఉంటది, రెండు రొట్టెల నడుమ కారం పెట్టినట్టు. గట్టిరాయైతే గిట్ల కడ్డీ లెక్క వస్తది. మట్టి రాదు, మిషన్ నీళ్లకే కొట్టుకపోతది. గప్పుడు పెట్టెల గంత జాగ ఖాళీ విడిచిపెడుతరు. మేం ముందుగాల వెతికేది గా ఖాళీ కోసమే. గది ఉన్నకాడ కట్ట కడితే, నిండినంక నీళ్లు గా సందుల నుంచి కోసుకుంట పోతయి. ఏదో ఒక వానకాలం కట్ట కూసుంటది."

"కూసుంటే?"

"కింద ఉన్నోళ్లకు తెల్వకముందే నీళ్లొస్తయి. నువ్వు ఫికర్ చెయ్యకవ్వా. పెట్టె నిండుగ ఉన్నది, చూస్తున్నవు కదా."

కొమురవ్వ చూసింది. హనుమండ్లు కూడా చూశాడు. ఆమె వేలు పెట్టి చూపుతున్నది తను పేర్చిన రాళ్లనే. పారాణి రంగు నీళ్లు గుర్తొచ్చాయి. నేల తాగేసిన నీళ్లు, తన నడుము విరిగేలా మోసిన నీళ్లు. ఎవరూ ఏమీ ఎత్తుకుపోలేదు. దొంగే లేడు. లేని దొంగకు భయపడి, ఉన్న సందును కప్పిపెట్టాడు.

దాచడమెందుకు, ఆ క్షణాన ఆయనకు సిగ్గు కన్నా ముందు వేరే ఆలోచన వచ్చింది. ఊరుకుంటే ఏమవుతుంది? కట్ట కట్టడానికి ఏళ్లు పడుతుంది. అసలు కడతారో లేదో. కట్టాక నిలుస్తుందేమో కూడా. భుజాల మీద శాలువా ఉంది, వెచ్చగా ఉంది. దాన్ని ఇంకొంచెం సేపు, ఈ పూట వరకైనా ఉంచుకోవాలనిపించింది. అలా అనిపించినందుకే ఆ తర్వాత ఎక్కువగా సిగ్గుపడ్డాడు, రాళ్లు నింపినందుకు కాదు.

అక్క "నిండుగనే ఉన్నది" అని సంతృప్తిగా తలూపింది. అది భరించలేకపోయాడు.

"మేడం" అన్నాడు. "గా పెట్టె నిండుగ లేకుండె. నేను నింపిన."

ఎవరికీ అర్థం కాలేదు. హనుమండ్లు శాలువా తీసి, మడతపెట్టి, కుర్చీలో పెట్టాడు. పెట్టె ముందు మోకాళ్ల మీద కూచున్నాడు. తను పేర్చిన ముక్కలను ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. వెతుక్కోవలసిన పని లేకుండా చెయ్యి నేరుగా వాటి మీదికే పోతుంటే, అందరూ అది చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. చివరి ముక్క తీశాక మూరెడు చెక్క బయటపడింది.

"ఎవరో ఎత్తుకపోయిండ్రనుకున్న. నా మీదికి వస్తదని ఎనుక కుప్పలకెల్లి ఏరి పెట్టిన. గానాడు నీళ్లు ఎర్రగ వచ్చినయి మేడం. తర్వాత అస్సలే రాలే."

హెప్సిబా రంజిత్ వైపు చూసింది. రంజిత్ నేల చూపులు చూశాడు. "పొద్దుగాల వచ్చి చూస్తే నిండుగ ఉండె మేడం. నాకే సరిగ యాది లేదేమో అనుకున్న" అన్నాడు. ఆమె ఖాళీ జాగాలో వేలు పెట్టి, అడుగు చెక్క మీద అంటుకున్న ఎర్రటి మరకను గోటితో గీకి చూసుకుంది. ఆ మరక మొన్నే కనబడాలి. రాళ్లు కదిపి చూసి ఉంటే కనబడేది. పొద్దుండగానే తిరిగి కరీంనగర్ చేరాలన్న తొందరలో పైపైన తట్టి లేచిపోయింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"పూచీ నీదని చెప్పిన గని, ఖాళీ ఎందుకుంటదో నీకు చెప్పలే" అంది నెమ్మదిగా. "నీళ్లు పోయిన దినం నేనీడ ఉండాలె. లేను. పక్కన ఇంకో బోరు ఏద్దాం. పెట్టెలు కదలనియ్యకుండ్రి."

అది హనుమండ్లును ఆదుకోవడానికి అన్న మాటే. కానీ మల్లేష్‌కు వినిపించింది ఒక్కటే. కట్ట పోయింది. కొబ్బరికాయ కొట్టకుండానే చంకలో పెట్టుకున్నాడు. "నోటికాడి బుక్క ఎత్తగొట్టినవు కదనే. నీ చెయ్యి ఊకుండదా? ఆడ తీసుడు, ఈడ పెట్టుడు. బుద్ధి ఏడికి పోతది" అన్నాడు. పోతూ పోతూ కుర్చీలోని శాలువా తీసుకుపోయాడు. జనం ఆయన వెంట కదిలారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. హెప్సిబా రంజిత్‌ను తీసుకుని మిషన్ దగ్గరికి వెళ్లింది, కొత్త బోరు ఎక్కడ వెయ్యాలో చూడటానికి.

షెడ్డులో అక్కాతమ్ముళ్లు మిగిలారు. హనుమండ్లు లేవలేదు. కొమురవ్వ సద్ది గిన్నె పట్టుకుని నిలబడే ఉంది. ఏమన్నా అంటుందని, తిట్టినా తిడుతుందని చూశాడు. ఆమె పక్కన తీసి పెట్టిన రాళ్లను చూసి అడిగింది.

"తమ్మీ. గోదాంల గూడ గిట్లనే ఏమన్న చేసినవా?"

ఊరంతా అనుకున్నప్పుడు లోపలికి దిగని ముల్లు ఇప్పుడు దిగింది. ఇన్నాళ్లూ అలా అనుకోనిది అక్క ఒక్కతే. తన చేతులతో రాళ్లు తీసి చూపించి, తనే ఆమె నోట ఆ మాట పుట్టించాడు. కోపం రాలేదు. ఆమె స్థానంలో ఉంటే తనూ అడిగేవాడే.

"లేదక్కా" అన్నాడు. "ఆడ నింపుదామంటే నా తాన ఏం లేకుండె. తక్కువ పడ్డయని నిజమే చెప్పిన. చెప్పినందుకే పంపిండ్రు."

కొమురవ్వ గిన్నె కింద పెట్టి, ఆయన పక్కనే నేల మీద కూచుంది. "మరి గిన్ని దినాలు నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడుగలే."

"అడిగితే నమ్మనట్టయితదని అడుగలేరా."

ఇద్దరూ పెట్టెలోని ఖాళీ వైపు చూస్తూ కూచున్నారు. షెడ్డు అవతల మిషన్ మొదలైంది. కాసేపటికి కొమురవ్వ పక్కన పడి ఉన్న రాయి ముక్కొకటి తీసి, చేత్తో తుడిచి, అలవాటు చొప్పున పెట్టెలో సర్దబోయింది. హనుమండ్లు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"గట్లనే ఉండనీ అక్కా" అన్నాడు. కొమురవ్వ రాయిని కింద పెట్టి, సద్ది గిన్నె మూత తీసింది.